నాలుగో పిల్లిపిల్ల

మా పిల్లిని పక్కింటి అత్త నన్ను ఒక్క మాట అడక్కుండా గంపలో పెట్టుకుని, ఊరి చివర మిషను కాంపౌండులో దిగబెట్టి వచ్చింది. ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఆమె ఇప్పుడు లేదు. అయినా ముందుగా ఈ మాట రాసుకుంటే తప్ప మిగతాది రాయబుద్ధి కావడం లేదు. తర్వాత జరిగినదాంట్లో ఎవరి తప్పు ఎంతో చదివేవాళ్ళు తేల్చుకోవచ్చు. అడక్కుండా తీసుకుపోవడం మాత్రం ఆమె తప్పే.

అప్పుడు మేము నరసరావుపేటలో ఉండేవాళ్ళం. యుద్ధం రోజులు. కిరసనాయిలు కార్డు మీద ఇచ్చేవాళ్ళు కాబట్టి చీకటి పడకముందే అన్నాలు తినేసేవాళ్ళం. మా ఆయన ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. సాయంత్రం కోర్టు నుంచి దస్త్రాల కట్టలు చంకలో పెట్టుకుని వచ్చి, మధ్యగదిలో చెక్కపెట్టెలో పెట్టేవాడు. ఒకసారి ఎలుకలు ఆ పెట్టెలో దూరి, ఎవరిదో పొలం దస్తావేజు మూల కొరికేశాయి. ప్లీడరు గారు నలుగురి ముందు ఈయన్ని నానా మాటలూ అన్నారు. ఆ వారంలోనే నేను శావల్యాపురంలో మా అమ్మకు కబురు పెట్టి ఒక పిల్లిపిల్లను తెప్పించుకున్నాను. బూడిదరంగుది. దారి గుర్తు పట్టి వెనక్కి పోకుండా, కుండలో పెట్టి వాసెన కట్టి బండిలో పంపింది మా అమ్మ. రెండేళ్ళు నా చేత్తో పెరుగన్నం కలిపి పెట్టి పెంచాను. మళ్ళీ ఎలుక ఆ పెట్టె జోలికి రాలేదు. కాబట్టి అది ఊరికే తిరిగే పిల్లి కాదు. మా ఇంటి మనిషి చేసే పని చేసేది.

మాది నాలుగిళ్ళ వరస. అన్నిటికీ ఒకటే పెంకుల కప్పు. మనుషులకు మధ్యలో గోడలు అడ్డం గాని పిల్లికి ఏ అడ్డమూ లేదు. పక్క వాటాలో ఉండే ఆమెది ఈపూరు వైపు. భర్త అక్కడ సేద్యం చూసుకునేవాడు. ఈమె ఇద్దరు కొడుకులను హైస్కూల్లో చేర్పించి వాళ్ళకు వండిపెట్టడానికి పేటలో ఉండేది. మా పుట్టింటి వైపు ఏదో వరస కలిపి నేను అత్తా అనేదాన్ని, ఆమె నన్ను కోడలా అనేది. మొదట్లో బాగానే ఉన్నాం. కొత్తగా కాపురానికి వచ్చిన నెలలో నేను పెట్టిన గోంగూర పచ్చడి రుచి చూసి, "ఈ జాడీకి మూతెందుకే కోడలా, ఈగలు కూడా వాలవు" అని బావి దగ్గర అందరూ వినేటట్టు అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్చిపోలేదు.

అసలు సంగతి అది కాదు. ఆమె పెద్ద కూతురికి తొలిచూలు సీమంతం ఆ పక్క వాటాలోనే చేశారు. పేరంటానికి కుంకుమ భరిణె పట్టుకుని వరసలో అన్ని ఇళ్ళకూ వెళ్ళి పిలిచారు. మా గడప తొక్కలేదు. నేను తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, గుమ్మంలో పీట వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. గోడ అవతల పాటలు వినపడుతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి మాట మానేశాను. ఆ కాన్పులో పుట్టిన బిడ్డ నలభై రోజులకే పోయాడు. అప్పుడు వరసలో ఆడవాళ్ళందరూ వెళ్ళి కూర్చుని వచ్చారు. నేను వెళ్ళలేదు. శుభానికి పనికిరానిదాన్ని ఏడుపుకు మాత్రం ఎందుకు వెళ్ళాలి అనుకున్నాను.

రెండేళ్ళ తర్వాత ఆ కూతురు రెండో కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. గోడ అవతల నుంచి పసిబిడ్డ ఏడుపు వినపడేది, ఉయ్యాల చీర కట్టిన దూలం కిర్రుమనేది. నేను చూడ్డానికి వెళ్ళలేదు. సరిగ్గా అప్పుడే మా పిల్లి కూడా పిల్లల్ని పెట్టింది. ఎక్కడ పెట్టింది? రెండేళ్ళు పెరుగన్నం పెట్టిన నా ఇంట్లో కాదు, పోయి వాళ్ళ అటక మీద పెట్టింది. నాకు ఆ బాధ కూడా ఉంది. రోజుకు రెండుసార్లు పెంకుల మీదుగా వచ్చి, నేను పెట్టింది తిని, మూతి తుడుచుకుని మళ్ళీ అటే పోయేది.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మావైపు అంటారు. ఒకచోట ఉంచదు. ఒక్కొక్కదాన్నీ మెడ దగ్గర పట్టుకుని మోస్తుంది. పదో రోజో పదకొండో రోజో, తెల్లవారుజామున నేను పొయ్యి రాజేస్తూ ఉంటే అది నోట్లో ఒక పిల్లను కరచుకుని గోడ దిగింది. నా ముందు నుంచే మధ్యగదిలోకి పోయి, దస్త్రాల పెట్టె వెనకాల పాత గోనెపట్టా మీద పెట్టి, నాకేసి ఒకసారి చూసి మళ్ళీ గోడెక్కింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆఖరికి నా ఇల్లే మేలని తెలుసుకుంది అనుకున్నాను. గిన్నెలో మజ్జిగ పోసి పక్కన పెట్టి, రెండోదాన్ని తెస్తుందని చూస్తూ కూర్చున్నాను.

రాలేదు. బాగా పొద్దెక్కినా రాలేదు. గోనెపట్టా మీద ఆ ఒక్క పిల్ల, అప్పుడప్పుడే విచ్చుకుంటున్న కళ్ళతో, గొంతు పోయేటట్టు అరుస్తోంది. బావికి నీళ్ళకు వెళ్తే ఎదురింటామె చెప్పింది.

"మీ అత్త పొద్దున్నే గంప నెత్తినెట్టుకుని మిషను వైపు పోయిందమ్మే. గంప మీద గుడ్డ కట్టుంది. లోపల్నుంచి ఒకటే అరుపులు."

మిషను కాంపౌండు అంటే అక్కడ ఆడపిల్లల బోర్డింగు ఒకటి ఉండేది. పిల్లలకు వండే జొన్నలూ సజ్జలూ నిలవ చేసే గదిలో ఎలుకలు పడి, అక్కడి మేట్రన్, అక్కరలేని పిల్లులుంటే తెచ్చి ఇవ్వండని ఊళ్ళో చెప్పించింది. మావైపు పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇస్తే గాని పాపం పోదని నమ్మకం. అందుకని వద్దనుకున్న పిల్లిని గోతంలో వేసి వాగు దాటించి వదిలేవాళ్ళు. అది మూడో రోజుకు మళ్ళీ వచ్చేది. ఇప్పుడు బోర్డింగు దొరికింది కాబట్టి అందరూ అక్కడికే తీసుకుపోతున్నారు. రోజూ సంకటి, మజ్జిగ పెడతారట. ఊళ్ళో దాన్ని పిల్లుల సత్రం అనేవాళ్ళు.

మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చాడు. కంచం పెట్టకముందే, ఆమెకు నోటీసు రాయమన్నాను.

"ఏమని రాసేది?" అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ.

"మా పిల్లిని మాకు చెప్పకుండా తీసుకుపోయిందని."

"పిల్లికి పట్టా ఉందా? హద్దులు రాయాలి మరి. తూర్పున మన పొయ్యి, పడమర వాళ్ళ అటక." నవ్వాడు. పెట్టె వెనక నుంచి అరుపు వినపడగానే నవ్వు మానేశాడు. వంగి చూశాడు. "దావా సంగతి తర్వాత. ముందు దీని నోట్లో ఏదన్నా పొయ్యి. సాయంత్రానికి బతికేటట్టు లేదు."

దూదిని వత్తిలా చేసి, పాలలో ముంచి నోటికి పెట్టాను. అది తల పక్కకు తిప్పేసుకుంది. పాలు గడ్డం మీదుగా కారిపోయాయి. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. అప్పటిదాకా నాకు కోపమే ఉంది. ఆ తడిసిన గడ్డం చూసేసరికి భయం వేసింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి గోడ మీదుగా పిలిచాను.

"అత్తా! మా పిల్లేదీ?"

ఆమె బండ మీద ఉయ్యాల గుడ్డలు ఉతుకుతోంది. తల ఎత్తలేదు. "ఎవరు పిలిచింది? కోడలా? నోరుందే నీకు! నా అటక మీద కాపరం పెట్టింది నీ పిల్లెట్టా అయిద్ది?"

"యాడ పెట్టావు దాన్ని?"

"సత్రంలో దిగబెట్టొచ్చా. నువ్వూ నేనూ తినేదానికన్నా బాగానే తింటది."

"నన్ను అడగొద్దా?"

"రెండేళ్ళబట్టీ మొహం తిప్పుకుని పోతన్నావు. నీ వీపునడగమంటావా?"

"అడగనిదానివి అడగలేదు. మొత్తం తీసుకుపోవాలిగా? దీన్నొక్కదాన్నీ నాకెందుకు వదిలిపెట్టావు?" అని చెయ్యి గోడ మీదికి చాపాను.

అప్పుడు చూసింది. చేతిలో గుడ్డ నీళ్ళలో జారిపోయింది.

"అదేంది? మూడేగా ఉన్నయ్! మూడు పిల్లలూ తల్లీ. అటకంతా చేత్తో తడిమి చూశానే. ఒక్కటి కూడా వెనకబడకూడదని తడిమి చూశానే!"

"తెల్లారుజామునే ఒకదాన్ని మా ఇంట్లో పెట్టింది. మిగతావాటి కోసం వచ్చి ఉంటది. నువ్వు గంపలో ఏసి గుడ్డ కట్టావు."

ఆమె ఉతికే బండ మీదే కూలబడింది. నాకు ఆ మనిషిని ఓడించాలని ఎంతో కాలంగా ఉండేది. ఆ ఒక్క క్షణం ఓడించినట్టే ఉంది గాని, ఏమీ బాగా అనిపించలేదు. "తల్లినీ పిల్లనూ విడదీశానా? ఇంట్లో పసిగుడ్డును పెట్టుకుని నేను చేసిన పనేందిది?" అని తనలో తను అనుకుంటోంది. ఒక్క నిమిషంలోనే లేచి చేతులు చీరకు తుడుచుకుంది. "ఉండు. గంప తెస్తా. పోదాం పద."

ఎండలో ఇద్దరం బయల్దేరాం. గంపలో ఉయ్యాల గుడ్డ పరిచి, దాంట్లో పిల్లను పడుకోబెట్టి, ఆమే నెత్తిన పెట్టుకుంది. నేను మోస్తానన్నా ఇవ్వలేదు. పిడుగురాళ్ళ నుంచి వచ్చే సున్నం బండ్లు ఎదురై తెల్లటి దుమ్ము లేచినప్పుడు మాత్రం ఆమె ఆగి, గంప దించి, కొంగు కప్పి, బండ్లు పోయేదాకా వీపు అడ్డం పెట్టి నిలబడింది. పిల్ల అరుపు తగ్గిపోయింది. అరిచేటప్పుడు చిరాకు వేసింది గాని, అరవకపోతే ఇంకా కష్టంగా ఉంది. నేను రెండుసార్లు గుడ్డ ఎత్తి చూశాను.

మేట్రన్ పెద్దావిడ, తెల్లచీర. మమ్మల్ని చూసి, "ఇంకో పిల్లా? రండి రండి" అంది. సంగతి చెప్పగానే మమ్మల్ని కట్టెల కొట్టంలోకి తీసుకుపోయింది. పొద్దున తల్లినీ పిల్లల్నీ అక్కడే ఒక బుట్టలో పెట్టిందట. బుట్ట ఖాళీగా ఉంది.

"అయ్యో, అప్పుడే మార్చేసిందమ్మా," అంది ఆవిడ. "ఏ మూల పెట్టిందో. దాన్ని వెతికితే బెదిరి ఇంకో చోటికి మారుస్తుంది. మీరొక పని చెయ్యండి. ఆ పిల్లను ఇక్కడ నీడలో పెట్టి దూరంగా కూర్చోండి. పిల్ల అరిస్తే తల్లే వస్తుంది."

"ఇది అరవట్లేదుగా," అన్నాను.

"అరుస్తుందమ్మా. ఆకలి వేస్తోంది కదా."

కొట్టం ముందు నేల మీద గుడ్డతో సహా పిల్లను పెట్టి, ఇరవై అడుగుల దూరంలో ధాన్యం గది అరుగు మీద కూర్చున్నాం. బోర్డింగు పిల్లలు క్లాసుల్లో ఎక్కాలు చదువుతున్నారు. చాలాసేపు ఆ చదువే వింటూ కూర్చున్నాం. పిల్ల ఒక్కసారి అరిచి ఊరుకుంది.

ఆమె ముందుగా మాట్లాడింది. నా మొహంలోకి కాదు, ఆ గుడ్డ వైపు చూస్తూ మాట్లాడింది.

"పోయినోడు నలభై రోజులోడు. నీకు తెలుసుగా. తెల్లారి ఉయ్యాల్లో చూస్తే ఉలుకూ పలుకూ లేదు. ఉయ్యాల చీర మీద పిల్లి పడుకునుంది. నీ పిల్లి కాదులే, ఏదో నల్లది. వెచ్చగా ఉందని పడుకుందో ఏందో. అందరూ పిల్లే ఊపిరి తీసిందన్నారు. పిల్లి తీసిందో, వాడి రాతే అంతో నాకు తెలవదు. నా బిడ్డ మాత్రం అదే నమ్మింది. ఇప్పుడు ఈ మనవరాలు పుట్టినకాడ్నుంచీ అది రాత్రీ పగలూ ఉయ్యాల తాడు పట్టుకుని కూకుంటది. పెంకు కదిలితే లేచి నిలబడుద్ది. బాలెంతరాలు నిద్దరలేక తిరుగుతుంటే చనుబాలు ఇంకిపోతన్నయ్. నిన్న నా చెయ్యి పట్టుకుని, అమ్మా, ఒక్క గంట నిద్దరపోతానే అని ఏడ్చింది. ఏం చెయ్యమంటావు నన్ను?"

గోడ అవతల దూలం ఎప్పుడూ కిర్రుమంటూనే ఉండేది. పసిబిడ్డ పేచీ పెడుతోందని అనుకునేదాన్ని. ఆ అమ్మాయి నిద్ర పోవడం లేదని నాకేం తెలుసు?

"అప్పుడు అందరూ వచ్చారు," అంది ఆమె. "నువ్వు రాలా."

"నన్ను పేరంటానికి పిలిచావా నువ్వు?"

"ఏ పేరంటం?"

"నీ కూతురి సీమంతం పేరంటం. వరసంతా పిలిచి మా ఇల్లు ఒక్కటీ వదిలేశారు."

ఆమె చాలాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "భరిణె ఇచ్చి మా ఆడపడుచును పంపాను. మీ ఇల్లు వదిలేసిందా? నేనెరగనే. ఊరి నుంచి అప్పుడే దిగింది, దానికి మీ ఇల్లేం తెలుసు?" అని, నా వైపు తిరిగి, "దీనికోసమా రెండేళ్ళు?" అంది.

అవును, దానికోసమే. పట్టుచీర కట్టుకుని గుమ్మంలో కూర్చున్నదాన్ని నేను, ఆమె కాదు. చిన్న సంగతి అని ఆమె అనుకోవచ్చు. అయినా ఆ అరుగు మీద, ఆమె పక్కన కూర్చుని, నలభై రోజుల పసివాడు పోయిన ఇంటికి నేను వెళ్ళకపోవడం నాకే చాలా పెద్దదిగా కనిపించింది. అది పైకి చెప్పలేకపోయాను. అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది.

"పిల్లి సంగతన్నా ఒక్క మాట అడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేదానివా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పలేదు. "ఇచ్చేదాన్ని కాదు."

"అందుకే అడగలా," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

అప్పుడే ఆ పిల్ల అరవడం మొదలుపెట్టింది. పొద్దున అరిచినట్టు గట్టిగా కాదు, సన్నగా, ఆగకుండా. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరం కదలకుండా చూస్తున్నాం. ఏ మూల నుంచి వచ్చిందో తెలియలేదు. ధాన్యం గది కిటికీ కింద మా పిల్లి నిలబడి ఉంది. చెవులు నిక్కించి వింటోంది. నాలుగు అడుగులు వేసి ఆగింది. మమ్మల్ని చూసింది. నన్ను గుర్తు పట్టిందని నాకు బాగా తెలుసు. అయినా నా దగ్గరకు రాలేదు. నేరుగా వెళ్ళి గుడ్డను వాసన చూసి, పిల్లను తలా ఒళ్ళూ నాకి, మెడ దగ్గర పట్టుకుని కిటికీలోకి ఒక్క గెంతు గెంతింది. లోపల బస్తాల వెనక నుంచి అరుపు ఒక నిమిషం వినపడి ఆగిపోయింది. పాలు దొరికినట్టున్నాయి. పక్కన ఆమె కళ్ళొత్తుకుంటోంది. దుమ్ము వల్ల అనుకుంటుందిలే అని నేనూ కొంగుతో మొహం తుడుచుకున్నాను.

మేట్రన్ వచ్చి బస్తాల సందులోంచి తొంగి చూసింది. "నాలుగూ ఉన్నాయమ్మా. తాగుతున్నాయి," అంది. తర్వాత నాతో, "మీ పిల్లి కదా ఇది? చీకటి పడేలోగా బుట్టలో ఎక్కించి ఇస్తాను. తీసుకుపోండి," అంది.

పక్కింటి అత్త వద్దని బతిమాలలేదు. ఖాళీ గంప చేతుల్లో పట్టుకుని, నేల చూస్తూ నిలబడింది. బతిమాలి ఉంటే నేను తప్పకుండా తెచ్చుకునేదాన్నేమో. నా గుణం నాకు తెలుసు.

"ఇక్కడే ఉండనివ్వండమ్మా," అన్నాను మేట్రన్‌తో. "ఇది మా పిల్లి. ఆ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. నేను వచ్చి చూసిపోతూ ఉంటాను. దీనికి పెరుగన్నం అలవాటు, సంకటి ఒక్కటే పెడితే అలుగుతుంది."

ఆవిడ నవ్వి సరేనంది. తిరిగి వచ్చేటప్పుడు గంప నేను పట్టుకున్నాను. ఇవ్వమంటే ఈసారి ఇచ్చింది.

మా గుమ్మం దాకా వచ్చాక నేను ఇంట్లోకి పోబోతుంటే, "ఇట్రావే," అంది ఆమె. వాళ్ళ వాకిట్లో చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసింది. పెద్దది, నా కాళ్ళకు నీళ్ళు పోయడమేమిటని వెనక్కి జరిగాను. "నిలబడు. బయట తిరిగొచ్చిన కాళ్ళతో బాలెంత గదిలోకి పోతావా?" అని కసిరింది.

లోపల ఆ అమ్మాయి ఉయ్యాల తాడు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. కళ్ళ కింద నల్లటి చారలు. నన్ను చూసి తల మీదకు కొంగు లాక్కుని, "వదినా, పిల్లిని తెచ్చారా?" అంది. ఆ గొంతులో భయం నాకు ఇప్పటికీ గుర్తే.

"తేలేదు. అక్కడే వదిలిపెట్టాను. ఇంక రాదు."

"నాలుగో పిల్ల?"

"తల్లి దగ్గరే ఉంది. పాలు తాగుతోంది."

ఆ అమ్మాయి నా వంక చూసింది, నమ్మొచ్చా అన్నట్టు. నేను పక్కన కూర్చుని తాడు నా చేతిలోకి తీసుకున్నాను. ఆమె వదిలింది. పక్కనే చాప మీద ఒరిగి, "ఒక్క గంట, వదినా" అంది. మాట పూర్తి కాకుండానే కళ్ళు మూతపడ్డాయి. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చూసి, చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. బయట పొద్దు వాలుతోంది. మా ఆయన కోర్టు నుంచి వచ్చే వేళయింది, పొయ్యి మీద నేను ఏమీ పెట్టలేదు. అయినా లేవలేదు. పసిబిడ్డ కదిలినప్పుడల్లా తాడు లాగుతూ, ఆ అమ్మాయి తనంతట తాను లేచేదాకా అక్కడే కూర్చున్నాను.